డై అంటే చావు కాదు

మా కాలేజీలో ఇంగ్లిష్ మేడమ్‌ని పిల్లలు చీటీల మేడమ్ అంటారు. నేను వర్క్‌షాప్‌లో ఫిట్టర్ పని నేర్పుతాను. మొదట్లో ఆమె వచ్చి నా బెంచీ మీది పనిముట్లన్నిటికీ దారంతో ఇంగ్లిష్ పేర్ల చీటీలు కడుతుంటే నాకు చిర్రెత్తుకొచ్చింది. మాటకి అర్థం అది పనిచేసే చోటికే వెళ్లి అడగాలని ఆమె పద్ధతట. పనిముట్టు చేత్తో పట్టుకుని పేరు పైకి అనాలి, దానితో ఆరోజు ఏం చేశారో ఒక వాక్యం రాయాలి. పేరు మర్చిపోతే ఆ చీటీ జేబులో వేసుకుని ఇంటికెళ్లాలి. నెల తిరిగేసరికి నా పిల్లలు, ఫైలంటే ఆఫీసు కాగితాలా, ఆకురాయా అని తగువులాడుకోవడం మొదలెట్టారు. నేను నోరు మూసుకున్నాను.

ప్రిన్సిపాల్‌కి ఇదంతా పిల్లలాట. ఆయన లెక్కలో చదువంటే రోజుకి ఇరవై మాటలు, పక్కన తెలుగు అర్థం, బట్టీ. ఇంగ్లిష్ పేపర్లు దిద్దేది కూడా ఆయనే, ఆ జాబితా చూసి.

ఆ ఏడు మా దగ్గర చదివే ఒక మెకానిక్ కూతురు ఇంగ్లిష్‌లో ఒక్క మార్కుతో తప్పింది. నా క్లాసులో అంత చెయ్యి తిరిగిన పిల్ల మరొకరు లేరు. ఫ్యాక్టరీలో అప్రెంటిస్ చోటు దొరకాలంటే అన్నీ పాసవ్వాలి. నేనూ మేడమూ పేపరు తీయించి చూశాం. 'డై' అంటే ఏమిటన్న ప్రశ్నకి 'కడ్డీ మీద మరలు కోసేది' అని రాసి, పక్కన బొమ్మ కూడా గీసింది. జాబితాలో మాత్రం 'చనిపోవుట'. అందుకని సున్నా. ఫిట్టర్ పిల్లల పరీక్షలో! నా ఒళ్లు మండిపోయింది.

ప్రిన్సిపాల్ రేపు రమ్మని, ఎల్లుండి రమ్మని మమ్మల్ని వారం తిప్పాడు. ఎనిమిదో రోజు మేడమ్ నా బెంచీ మీంచి నూనె ఓడుతున్న డై తీసుకుని, తలుపైనా తట్టకుండా వెళ్లి ఆయన కాగితాల మీద పెట్టింది. వెనకే నేనూ వెళ్లాను.

"ఏమిటిది?" అన్నాడాయన, కాగితాలు వెనక్కి లాక్కుంటూ.

"మీ జాబితా ప్రకారం చావు సార్. ఆ పిల్లకి తెలిసింది మీకు తెలియలేదు, తప్పింది మాత్రం ఆ పిల్ల."

ఆయన ముఖం మాడ్చుకుని మార్కు వేశాడు. తప్పయిందని ఒక్క మాట అనలేదు. మేడమ్ అక్కడి నుంచే ఫ్యాక్టరీకి ఫోన్ చేసింది. చోట్లన్నీ నిండి రెండు రోజులైందని చెప్పారు.

మేం వచ్చేసరికి ఆ పిల్ల వర్క్‌షాప్ గుమ్మంలో నిలబడి ఉంది.

"మార్కు వేశారా సార్?"

"వేశారమ్మా," అన్నాను. చోటు పోయిందన్న మిగతాది చెప్పడానికి నాకూ మేడమ్‌కీ తెలుగులో కూడా మాట దొరకలేదు.