ప్లీడరమ్మ, వాళ్ళ బాబాయి షట్టరు

మా వీధిలో ఒక పుకారు తిరుగుతోంది. మున్సిపాలిటీ ప్లీడరమ్మ వాళ్ళ బాబాయి కొట్టు కాపాడటానికి కావాలనే కేసు ఓడిపోయిందట. పాలవాడి దగ్గర పుట్టిన మాట కుళాయి దగ్గరికి వచ్చేసరికి దానికి కాళ్ళూ చేతులూ మొలిచాయి. ఇస్త్రీ బండి చేరేసరికి జడ్జిగారు కూడా వాళ్ళకు వేలువిడిచిన మేనమామ అయిపోయాడు. నేను చదివింది అయిదో తరగతే. కానీ ఆ అమ్మాయి ఇంటికీ మా ఇంటికీ మధ్య ఉన్నది ఒక్క పిట్టగోడ. పైగా పక్కింటి సంగతి తెలియందే నాకు ముద్ద దిగదని మా ఆయన దెప్పుతూనే ఉంటారు. అంచేత జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఆ అమ్మాయి కుదురుగా కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు. పొద్దున్నే ఒక చేత్తో పళ్ళు తోముకుంటూ, ఇంకో చేత్తో కాగితాలు పట్టుకుని డాబా మీద ఆ చివరికీ ఈ చివరికీ తిరుగుతుంది. దండెం మీద ఆరేసిన నల్లకోటు ముందు నిలబడి, "అది కాదండీ, నా మాట పూర్తిగా వినండి" అని వాదిస్తుంది. కోటు నోరెత్తకపోయినా ఊరుకోదు. టిఫిను నిలబడే తింటుంది. తాళం వేసి మెట్లు దిగి, మళ్ళీ పైకెక్కి ఆ తాళం లాగి చూసుకుంటుంది. వాళ్ళాయనకు పక్క ఊళ్ళో బ్యాంకులో పని, శనివారాలే వస్తాడు. "మా ఆవిడ నిద్రలో కూడా వాయిదా అడుగుతుందండీ" అని పాపం నాతో ఒకసారి వాపోయాడు.

మా సందులో వీధిదీపం వెలగడం లేదని చెప్పడానికి ఒకసారి వాళ్ళ ఆఫీసుకు వెళ్ళాను. పుట్టిన తేదీ సర్టిఫికెట్లిచ్చే కిటికీ పక్కన ఆ అమ్మాయి గది. సగం గదిలో ఆవిడ, మిగతా సగంలో విరిగిన చెత్తడబ్బాలు. మూత లేని మ్యాన్‌హోల్లో కాలు విరగ్గొట్టుకున్నవాడు ఆఫీసు మీద కేసు వేస్తాడు. రోడ్డు మీదికి మెట్లు కట్టుకున్నవాడి మీద ఆఫీసు వేస్తుంది. ఎటు తిరిగీ నిలబడి జవాబు చెప్పాల్సింది ఈవిడే.

"గెలిస్తే కమిషనరుగారు గెలిచినట్టు పెద్దమ్మా, ఓడితే నేను ఓడినట్టు" అంది నవ్వుతూ. ఆ నవ్వు పూర్తయ్యేలోపే కుర్చీలోంచి లేచి కిటికీ దాకా వెళ్ళొచ్చింది.

ఇక అసలు సంగతి. మా వీధి దిగువకు తిరిగే మలుపులో పెద్ద మురుగుకాలువ ఉంది. దాని మీద పలక వేసి వాళ్ళ బాబాయి టైలరు కొట్టు కట్టుకున్నాడు. తండ్రి పోయాక ఈ పిల్లను పెంచింది ఆ బాబాయే. బట్టలు కత్తిరించే బల్ల మీద ఒక మూల జాగా చేసి, అక్కడే కూర్చోబెట్టి చదివించాడు. కొట్టు పలక కింద పాతిన దిమ్మెలకు చెత్త అడ్డంపడి, వాన గట్టిగా కురిస్తే నీళ్ళు గట్టు పొంగి దిగువ ఇళ్ళలోకి పోతాయి. అక్కడ ఆసుపత్రి కంపౌండరు ఉంటాడు. వాళ్ళమ్మ మంచంలోంచి లేవలేదు. పోయిన వానల్లో మంచం కోళ్ళ కింద ఇటుకలు పెట్టినా నీళ్ళు నులకను అందుకున్నాయి. ముసలావిడ ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరి, చావు తప్పి బయటపడింది. "ఇంకోసారైతే మీ అమ్మ తట్టుకోదు" అని డాక్టరు చెప్పిన మాట కంపౌండరు కనిపించినవాళ్ళందరికీ చెప్పుకునేవాడు.

కొట్టు తీయించాలన్న ఫైలు ఈ అమ్మాయి బల్ల మీదికే వచ్చింది. వెంటనే కమిషనరు దగ్గరికి పరిగెత్తింది.

"అది మా బాబాయి కొట్టండీ. ఇంకెవరికైనా ఇవ్వండి."

"ఉన్న ప్లీడరు మీరొక్కరే. ఈ ఊళ్ళో ఎవరి చుట్టమూ కానివాళ్ళని నేనెక్కడ తెచ్చేదమ్మా?" అన్నాడట ఆయన.

నోటీసు ఇవ్వడానికి వెళ్ళిన గుమాస్తా మహా చురుకైనవాడు. కొట్టు తెరవకముందే వెళ్ళి, మూసిన షట్టరు మీద అంటించి, ఫొటో తీసుకుని చక్కా వచ్చాడు. బాబాయి వచ్చి షట్టరు పైకి నెట్టాడు. దాంతోపాటే నోటీసూ చుట్టలోకి పోయింది. పగలంతా కొట్టు తెరిచే ఉంటుంది, నోటీసు కనపడదు. నాకు నోటీసే అందలేదని బాబాయి కోర్టుకెళ్ళి స్టే తెచ్చుకున్నాడు.

ఆ తర్వాతి ఆదివారం అమ్మాయి బాబాయింటికి భోజనానికి వెళ్ళింది. అక్కడ జరిగింది నాకు వాళ్ళ పిన్నే చెప్పింది.

"మీ ఆఫీసువాళ్ళకు బుర్ర లేదే అమ్మాయ్" అన్నాడట బాబాయి, మీసాల్లో నవ్వుకుంటూ. "షట్టరు మీద అంటించి పోయారు. నేను కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివి, శుభ్రంగా పైకి తోసేశాను."

అమ్మాయి చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "ఆ మాట నా ముందు ఎందుకన్నావు బాబాయ్?"

"నీ ముందు కాకపోతే ఇంకెవరి ముందంటానే?"

అప్పట్నుంచీ ఆ పిల్లకు కంటిమీద కునుకు లేదు. ఒకసారి వాయిదా అడిగింది, మళ్ళీ అడిగింది. కోటుతో వాదించడం కూడా మానేసి ఊరికే తిరిగేది. నాకు కడుపు ఉబ్బరం ఆగక, విచారణ రోజున కంపౌండరుతోపాటు నేనూ కోర్టుకు వెళ్ళాను. వెనక బెంచీ మీద బాబాయి కూర్చున్నాడు. కంగారులో మెడలో టేపు తీయడం మరిచిపోయి అలాగే వచ్చేశాడు.

జడ్జిగారు ఫొటో తిప్పి తిప్పి చూసి, "ఇది ఆయన చూశాడనడానికి మీ దగ్గర ఏమైనా ఉందా అమ్మా?" అని అడిగారు.

అమ్మాయి లేచి నిలబడింది. నోరు తెరిచింది. కలం మూత తీసి మళ్ళీ పెట్టింది. నా పక్కన కంపౌండరు బెంచీ అంచుకు జరిగాడు.

"మా ఆఫీసు నోటీసు ఇచ్చిన పద్ధతి సరిగ్గా లేదండి. దీన్ని వెనక్కి తీసుకుంటాం. కొత్త నోటీసు ఆయన చేతికే ఇస్తాం."

అంతే, కేసు మూసేశారు. బయట వరండాలో కంపౌండరు చేతులు జోడించి, "మీ బాబాయి కొట్టు పది కాలాలపాటు చల్లగా ఉండాలమ్మా. మా అమ్మ పోతే కబురంపుతాలెండి" అన్నాడు. బాబాయి మాత్రం పొంగిపోతూ వచ్చి తల నిమరబోయాడు.

అమ్మాయి వెనక్కి జరిగింది. "రేపు పొద్దున ఆఫీసువాళ్ళొస్తారు బాబాయ్. నీ చేతికిస్తారు. తీసుకో."

"పంపిస్తున్నది నువ్వేనా?"

"నేనే."

ఆ టేపు అప్పుడు తీసి జేబులో కుక్కుకుని వెళ్ళిపోయాడు. అదే ఆఖరు, ఇద్దరికీ మాటల్లేవు. నోటీసు మర్నాడే అందింది. ఆ ఫైలు ఇక ముట్టనని కమిషనరు బల్ల మీద పెట్టి వచ్చింది అమ్మాయి. కాబట్టి కొట్టును కాపాడిందన్నది శుద్ధ అబద్ధం. నోటీసులో ఇచ్చిన గడువు తీరితే కొట్టు పోతుంది. కానీ గడువు ఆకాశానికి తెలియదు కదా. దిగువ వీధివాళ్ళేమో ఈవిడ కనపడితే తలుపులు వేసుకుంటున్నారు. ఈవిడేమో కాలవ పూడిక తీసేవాళ్ళను రోజూ వెంటబెట్టుకు వెళ్ళి, దగ్గరుండి దిమ్మెల మధ్య చెత్త లాగిస్తోంది.

నిన్న సాయంత్రం మబ్బు కమ్మింది. అమ్మాయి డాబా మీదికొచ్చి పైకి చూస్తోంది, కిందికి చూస్తోంది. ఇక నావల్ల కాలేదు. పిట్టగోడ దగ్గరికి పిలిచాను.

"అమ్మాయ్, సూటిగా అడుగుతున్నా, ఏమీ అనుకోకు. బాబాయి నోటీసు చదివాడని నీకు తెలుసు. ఆ ఒక్క ముక్క అనుంటే ఆ రోజే తేలిపోయేది. ఎందుకనలేదు?"

తప్పించుకుంటుందనుకున్నాను. తప్పించుకోలేదు. గోడ మీద రెండు చేతులూ ఆనించింది.

"అది ఆఫీసు ప్లీడరుతో చెప్పిన మాట కాదు పెద్దమ్మా. అన్నం తింటున్న కూతురితో చెప్పుకున్న మాట. దాన్ని కోర్టుకు పట్టుకెళ్తే, ఇంక ఎవరింట్లోనైనా నా ముందు నోరు విప్పుతారా? నేను చేసిందే సరైందని రోజంతా అనుకుంటాను. ఒక్క చినుకు పడితే చాలు, ఆ ముసలావిడ మంచం కళ్ళముందుకొస్తుంది, కాదనిపిస్తుంది. మీరొక్కసారి దిగువకు వెళ్ళొస్తారా? వానలు తగ్గేదాకా ఆవిణ్ణి మా ఇంట్లో ఉంచుకుంటానని చెప్పండి. నేను వెళ్తే తలుపు తీయడం లేదు."