పాత పేపర్లో చుట్టిన మాత్రలు

"నా బీమారి ఢిల్లీల ఎందుకు చెప్పినవ్ డాక్టర్ సాబ్?"

ఫోరస్ రోడ్డు మూలన ఉన్న పాత దవాఖానాలో గంగవ్వ ఈ మాట అడిగేనాటికి డాక్టర్ శంకర్రావు పార్లమెంటుకు ఎన్నికై ఎనిమిది నెలలు. ఆదివారాలు మాత్రం ఇంకా రోగులను చూస్తున్నాడు.

తాత పాలమూరు నుంచి వచ్చి ఈ నగరపు మేడలకు రాళ్లు మోశాడు. మనవడు కామాటిపుర చాల్‌లో, వరుస గదుల్లో ఒకదానిలో పుట్టి, మునిసిపల్ బడిలో చదివి, డాక్టరయ్యాడు. ఇలాంటి కథ వినగానే మనవాళ్లు శాలువా తీస్తారు. దాదర్‌లో మూడు కప్పారు కూడా. ఆయన చేసిన అసలు మంచిపని వాళ్లకు తెలియదు. టీబీ మాత్రల పట్టీ కనబడితే చాలు, ఆ ఇంటి బిందె పక్కన నల్లా దగ్గర ఎవరూ బిందె పెట్టరు. అందుకని ఇరవై రెండేళ్లపాటు ఆయన ఆ మాత్రలను పాత పేపర్లో పొట్లం కట్టి, బెంచీ మీద కూర్చున్నవాళ్లకు వినబడేలా "గ్యాస్ గోలీలు, టైముకు వేసుకో" అని ఇచ్చేవాడు. ఆ పొట్లాలే ఆయన్ను కార్పొరేటర్ని చేశాయి. మధ్యలో ఒకసారి ఆయన ఓడినా, చివరికి ఢిల్లీ పంపాయి.

అక్కడ టీబీ మీద చర్చలో నాలుగు నిమిషాలు దొరికాయి. లెక్కలు చదువుతుంటే ఎవరూ వినలేదు. అప్పుడు, పన్నెండో గల్లీలో రొట్టెలు చేసి బతికే ఒక వితంతువు ఆరు నెలలు మందు మింగి టీబీ నుంచి బయటపడిందని హిందీలో అన్నాడు. సభ నిశ్శబ్దమైంది. ఆ నిశ్శబ్దం ఆయనకు నచ్చింది. "మెట్ల కింద గదిలో ఉంటుంది" అని ఇంకో ముక్క కలిపాడు.

ఆ ప్రసంగం వీడియోను చాల్ అంతా అభిమానంతోనే పంచుకుంది. గంగవ్వతోపాటు నాగ్‌పాడా ఇళ్లలో పనిచేసే కాజల్ "హమారే డాక్టర్" అని అక్కడి యజమానురాళ్లకూ చూపించింది. వారం తిరిగేలోగా గంగవ్వ రొట్టెలు చేసే మూడిళ్లూ ఆమెను రావద్దన్నాయి.

"నీ పేరు నేను తియ్యలే అక్కా," అన్నాడు శంకర్రావు.

"పన్నెండో గల్లీల మెట్ల కింద ఎంతమంది ఉంటరు? నేను, ఒక కుక్క. కుక్క రొట్టెలు చెయ్యదు."

"తక్లీఫ్ పోయిందని గూడ చెప్పిన గదా."

"పోయిందన్నది ఎవ్వరు ఇనలే. నువ్వు గ్యాసన్నవ్, నేను గూడ అందరికి గ్యాసనే చెప్పిన. ఇప్పుడు జూటీదాన్నైన."

జబ్బు నయమైందని సర్టిఫికెట్ రాసి, ఆమెను వెంటబెట్టుకుని ఆ మూడిళ్లలో ఒకదానికి వెళ్లాడు. ఆ ఇంటావిడ పొంగిపోయి ఆయనతో ఫోటో దిగింది. ఆయనకు పింగాణీ కప్పులో చాయ్ ఇచ్చింది, గంగవ్వకు కాగితం కప్పులో. ఆయన అది చూశాడు. చూసి కూడా తన చాయ్ పూర్తిగా తాగాడు. పని సంగతి వచ్చే నెల చూద్దామంది ఆవిడ.

కిందికి దిగాక డబ్బు కవరు తీసి ఇవ్వబోయాడు.

"నువ్వెందుకిస్తవ్? రొట్టెలు నువ్వు తిన్నవా?" అంది గంగవ్వ.

ఆ తర్వాత సభలో ఆయన రోగుల ప్రస్తావన తేలేదు. దవాఖానాలో పొట్లాలు కడుతూనే ఉన్నాడు గాని, తీసుకునేవాళ్లు తగ్గారు. ఆ ఇంటావిడ గంగవ్వకు పదకొండు రోజుల జీతం, పదహారు వందల యాభై రూపాయలు, ఇంకా ఇవ్వలేదు.