వణకని పసిపాప

1986 జనవరి. మహారాష్ట్ర అంచున, సిరొంచ నుంచి బామ్ని వైపు వెళ్లే దారిలో, ఒక పల్లెలో చిన్న దవాఖాన. నేను అందులో కంపౌండర్ని. ఆ ఏడు చలికి ప్రాణహిత గడ్డకట్టిందని నా మనవలకు చెబుతుంటాను. గడ్డకట్టలేదు. నేను రెండు స్వెట్టర్లు వేసుకున్నాను, అంతే. అయిదు వందల కాన్పులు చేశానని కూడా చెబుతాను. చేసింది నర్సుబాయి. నేను వేన్నీళ్లు కాచి రిజిస్టరు రాసేవాణ్ని. డాక్టరు వారానికి ఒక్కసారి వచ్చేవాడు కాబట్టి మిగతా రోజులు జనం నన్నే డాక్టర్ సాబ్ అనేవారు. నేను కాదనేవాణ్ని కాను.

నా గొప్పంతా తూకంలో ఉండేది. పిల్లలను తూచడానికి మాకొక రేకు పళ్లెం కాంటా ఇచ్చారు. కార్డు మీద బర్త్ వెయిట్, అంటే పుట్టినప్పటి బరువు, రాయాలి. మిగతా చోట్ల బట్టతో తూచి అందాజుగా రాస్తారనీ, నా దగ్గర గ్రాము తేడా రాదనీ తనిఖీకి వచ్చినవాళ్ల దగ్గర చెప్పుకునేవాణ్ని.

ఆ ఉదయం నర్సుబాయి టీకాలకు వేరే ఊరు వెళ్లింది. రాజవ్వ అనే ముసలామె, కొడుకు తోలుతున్న ఎడ్లబండిలో కోడలిని తీసుకొచ్చింది. వరి పండించుకునే కుటుంబం. కోడలికి నెల ముందుగా, తెల్లవారుజామున ఇంట్లోనే కాన్పయింది. రక్తం పోతోంది. సూది వేసి పడుకోబెడితే ఆగింది. అంతవరకు బాగానే చేశాను. పాప ఏదని అడిగితే రాజవ్వ కొంగు జరిపి చూపించింది. రవికె లోపల, రొమ్ముకు కరుచుకుని పిడికెడంత ఆడపిల్ల. ముందు పుట్టిన ఇద్దరూ దక్కలేదని, ఇది మూడోదని చెప్పింది.

తూచాలి, ఇవ్వమన్నాను.

"జర ఎండ రానియ్యి కొడుకా. గింత పానం, నా ఒంటి మీదనే ఉండనియ్యి" అన్నది.

తూచనిదే కార్డు రాయనన్నాను. ఇచ్చింది. పాప ఒంటి మీది జిగురు తడిగుడ్డతో తుడిచి, నూలుపోగు లేకుండా పళ్లెంలో పెట్టాను. ముల్లు నిలవలేదు. తీసి మళ్లీ పెట్టాను. అలా మూడుసార్లు. రెండు నిమిషాల పని అని తర్వాత అందరికీ చెప్పాను. పావుగంట పట్టింది.

రాజవ్వ పాప పాదం పట్టి చూసింది. "కాళ్లు సల్లగైనయి సారూ."

"వణుకుతున్నదా? లేదు గద. చలి పెడితే వణకదా అవ్వా?" అన్నాను.

ఆమె ఆ పాదాన్ని అరచేతుల మధ్య పెట్టుకుని రుద్దింది. ఆ ప్రశ్నకు జవాబు నాకు తెలిసుండాల్సింది.

పాపను బట్టలో చుట్టి తల్లి పక్కన పడుకోబెట్టించాను. మధ్యాహ్నానికి పాప రొమ్ము పట్టడం మానేసింది. ఏడుపు లేదు. ముఖం ఎర్రగా ఉంటే రక్తం బాగుందని సంతోషించాను. బాగా చల్లబడిన పసిపిల్లలు ఒక్కోసారి అలా ఎర్రగానే కనిపిస్తారని నాకు తెలీదు. చివరికి కడుపు మీద చెయ్యి వేస్తే అదీ చల్లగా తగిలింది. కోడలి దగ్గర కొడుకును ఉంచి, రాజవ్వనూ పాపనూ తీసుకుని అల్లపల్లి బస్సెక్కాను. అక్కణ్నుంచి అహేరి పెద్దాసుపత్రికి వెళ్లాలని. పాప మళ్లీ రవికెలోకి చేరింది. టేకు చెట్లు మొదలయ్యాక, ఒకసారి చూద్దామని చెయ్యి చాచాను. రాజవ్వ నా చెయ్యి పట్టుకుంది.

"ఇగ బట్ట తియ్యకు కొడుకా."

పాప అప్పటికే పోయింది. అల్లపల్లిలో దిగేదాకా ఆమె కొంగు జరపలేదు.

ఆ వారం డాక్టరు వచ్చినప్పుడు అంతా చెప్పాను. తిట్టలేదు. తిడితే బాగుండేది. కాగితం మీద పసిపిల్ల వీపు బొమ్మ గీసి, రెండు రెక్క ఎముకల మధ్య పెన్సిల్‌తో నలుపు పూశాడు. అక్కడ బ్రౌన్ ఫ్యాట్, అంటే గోధుమరంగు కొవ్వు ఉంటుందట. అప్పుడే పుట్టిన పిల్లలు మనలాగా వణికి వేడి పుట్టించుకోలేరట. చలి తగలగానే లోపల ఒత్తిడి హార్మోన్లు లేస్తాయి, వాటి హుకుం అందుకుని ఆ కొవ్వు కాలి వేడి ఇస్తుంది. కొవ్వంటే గాదెలో దాచిన వడ్లనుకున్నాను. అది పొయ్యి కూడానట. నెల ముందు పుట్టిన పిల్లకు ఆ పొయ్యిలో కట్టెలు తక్కువ. ఉన్న కాసిని నా రేకు పళ్లెంలో, ముల్లు నిలిచేలోపు, చప్పుడు లేకుండా కాలిపోయాయి.

ఈమధ్య పేపర్లో చదివాను: కొవ్వు కణాలు హుకుం వినడమే కాదు, ఒత్తిడి హార్మోన్లను ఎక్కువా తక్కువా చేయడంలో వాటికీ చెయ్యి ఉంటుందట. నా పొట్ట తడుముకుని, ఇంత సరుకు పెట్టుకుని నేనేం చేశానని నవ్వుకోబోయాను. నవ్వు రాలేదు.

ఆ పాప బతికిందనీ, నేనే బతికించాననీ, ఇప్పుడు అహేరిలో టీచరనీ చాలా ఏళ్లు చెప్పాను. పేరేందని అడిగేవాళ్లు. పేరు పెట్టకముందే పోయిన పిల్ల. అడిగిన ప్రతిసారీ ఒక్కో పేరు చెప్పాను.

ఆ తర్వాత ఏ పసిపిల్ల వచ్చినా ముందు అరికాలు, తర్వాత కడుపు ముట్టుకుని చూసేవాణ్ని. కడుపు వెచ్చగా, కాలు చల్లగా ఉంటే లోపల కొవ్వు కాలుతున్నదని అర్థం. అప్పుడు కాంటా జోలికి పోకుండా తల్లి రొమ్ము మీదికి చేర్చాలి. తూచేరోజు ముందు బట్టను తూచేవాణ్ని, తర్వాత బట్టతో పిల్లను. తీసివేత చిన్నపిల్లలకు కూడా వచ్చు. నాకు అంతకుముందు తోచలేదు.

ఆనాటి రిజిస్టరులో నా చేతిరాతే ఉంది. ఆడ. నెల తక్కువ. ఒక కిలో ఆరు వందల యాభై. ఆ అంకెలో గ్రాము తేడా లేదు.