బోర్లించిన ఏడు

మా పాత ప్రయోగశాల వాళ్లు జ్ఞాపకాల సంచిక వేస్తున్నారు. అచ్చుకు ముందు నాకూ ఒక ప్రతి పంపారు. జామాయిల్ చెట్ల మీద మేం చేసిన పని గురించి అందులో ఇలా ఉంది: ‘ఆకులు కోసే చదువురాని మనిషి పొట్లాలు తారుమారు చేయడంతో కొన్ని నెలల శ్రమ వృథా అయింది.’

ఇది అబద్ధం. ఆ అబద్ధాన్ని నిలబెట్టింది నేనే.

తొంభైల మధ్యలో నేను నల్గొండ నుంచి హైదరాబాద్ వచ్చి ఆ ప్రయోగశాలలో కొత్తగా చేరాను. జామాయిల్‌లో చాలా రకాలున్నాయి. ఏ రకం దేనికి దగ్గరి చుట్టమో, ఏది ముందే వేరుపడిందో డీఎన్ఏతో తేల్చడం మా పని. ఎండిన ఆకు నూరి, తెల్లటి దారాల్లాంటి డీఎన్ఏ తీసి, జెల్ అనే మెత్తటి జిగురు పలకలో కరెంటు పెడితే గీతలు పడతాయి. ఎక్కువ గీతలు కలిసిన చెట్లు దగ్గరివి. ఆ లెక్కతో వంశవృక్షం గీస్తాం.

ఆకులు కొత్తకోట దగ్గరి ఒక తోట నుంచి వచ్చేవి. కోసి, ఎండబెట్టి, పొట్లాలు కట్టేది తోట కావలి పెద్దాయన. నేను చాచా అనేవాణ్ణి. మేం చేసేదేమిటో చెప్తే నవ్వాడు.

“మా ఇండ్లల్ల ఖాందాన్ అడిగితెనే కొట్లాటలైతయ్. మీరు చెట్లను గూడ అడగవడ్తిరా సార్?”

ఆయన ఉర్దూ బడిలో చదివాడు. పొట్లాల మీద అంకెలు ఉర్దూలోనే వేసేవాడు. తోటకు వెళ్లినప్పుడు గట్టు మీద కూర్చోబెట్టి నాకు నేర్పిందీ ఆయనే. ఉర్దూ ఏడు ఇంగ్లిషు ‘వి’ అక్షరంలా ఉంటుంది. దాన్ని బోర్లిస్తే ఎనిమిది. మిగతా అంకెలు తలకిందులైతే చూడగానే తెలుస్తుంది. ఈ రెండూ తెలియవు.

ఏడో నంబరు చెట్టు నిమ్మవాసన జామాయిల్. ఎనిమిది మామూలుది, మిగతావాటితో కలవాల్సింది. జెల్లో మాత్రం ఎనిమిది అన్నిటికీ దూరంగా నిలబడింది, ఏడు వెళ్లి మామూలు చెట్ల గుంపులో కలిసింది. మా పెద్ద సారు ఆకులు తోటలోనే కలిసిపోయాయన్నారు. చాచాను పిలిపించమన్నారు.

ఆయన రావడానికి ముందు రోజే నాకు నిజం తెలిసింది. మిగిలిన ఆకుల కోసం ‘ఎనిమిది’ పొట్లం విప్పితే గుప్పున నిమ్మవాసన కొట్టింది. నూరిన రోజు అన్ని ఆకుల వాసనా కలిసిపోయి గమనించలేదు. పొట్లం తిప్పి చూశాను. అది ఏడు. డీఎన్ఏ తప్పు చెప్పలేదు, చాచా తప్పు రాయలేదు. నేను రెండు పొట్లాలను తలకిందులుగా పట్టుకుని చదివాను. నా ఉద్యోగం పర్మినెంటు అయ్యే సమయమది. నోరు మూసుకున్నాను.

మర్నాడు చాచా ఇస్త్రీ చేసిన షేర్వానీ వేసుకుని వచ్చాడు. పెద్ద సారు ఇంగ్లిషు కలిపి చాలాసేపు కోప్పడ్డారు, అక్షరం ముక్క రానివాళ్లతో ఇదే తంటా అన్నారు. చాచా అంతా విని, సారు వైపు కాకుండా నా వైపు తిరిగాడు.

“ఏడు, ఎనిమిది ఉల్టా అయితయని నాకు ఎరుకే. అందుకే అంకె కింద గీత గీసిన. గీత కిందికుండాలె. నీకు చెప్పిన గద సార్?”

చెప్పాడు. గట్టు మీద కూర్చున్న రోజే చెప్పాడు. పొట్లం మీద ఆ గీత చూశాను కూడా, పెన్సిల్ జారిందనుకున్నాను.

“నాకు గుర్తు లేదు చాచా” అన్నాను.

ఆయనకు ఆకుల పని పోయింది, మా సారు ఉత్తరంతో తోట కావలీ పోయింది. ఇంకొకరు కోసుకొచ్చిన ఆకులతో మళ్లీ జెల్ నడిపాం. ఈసారి ఏడు, నిమ్మవాసనది, వేరే కొమ్మ మీద ఒంటరిగా నిలబడింది. మొదటి జెల్ చెప్పిందీ అదే. ఆ బొమ్మ కింద నా పేరు అచ్చయింది.

పోయిన నెల ఆ ప్రతి చదివి కొత్తకోట వెళ్లాను. చాచా ఇంకా ఉన్నాడు. చూపు సన్నగిల్లింది. చేసిందంతా చెప్పి, మాఫ్ చేయమన్నాను.

“మాఫీ నీ దగ్గర పెట్టుకో” అన్నాడు. “తోట కావలి పోతె ఇంకో కావలి దొరికింది. కని ఊరంత నన్ను ఏడుకు ఎనిమిదికి ఫరక్ తెల్వనోడన్నరు. నా మన్మలు గూడ నవ్విన్రు. అది తీసెయ్. నా అంకె సహీ అని రాయి.”

నేను దిద్ది పంపిన పేజీని సంచిక వాళ్లు తిప్పి పంపారు. పోయినవాళ్ల పరువు తీయడమెందుకు, పాత సంగతి ఎవరికి కావాలి, అన్నారు. పెద్ద సారు పోయారు, నిజమే. నేను పోలేదు. పరువు తీసేది నాదే, ఆ హక్కు నాకుంది. చాచా కూడా పోలేదు. ఆయనకు కావాలి.

వాళ్లు వేయలేదు కాబట్టి ఇక్కడ వేస్తున్నాను. ఆ మనిషికి చదువొచ్చు. పొట్లాలు తారుమారు కాలేదు. ప్రతి అంకె కిందా గీత ఉంది. దాన్ని చదవడం రానివాణ్ణి నేను.