మార్జిన్లో మామ రాతలు

ఇందుమూలంగా మా మద్రాసు జార్జి టౌన్ సందులోని సమస్త పాఠకులకు తెలియజేయడమేమనగా: నేటి నుంచి ఎవరైనా పుస్తకం మూల మడవవచ్చు. వేలు ఎంగిలి చేసుకుని పుట తిప్పవచ్చు. కాఫీ టంబ్లరు తెచ్చి అట్ట మీద పెట్టవచ్చు. పుస్తకం బోర్లించి, దాని మీదే తల పెట్టి కునుకు తీయవచ్చు. ఏ నేరానికీ శిక్ష లేదు. శిక్షించే అధికారం గల ఏకైక మనిషి, మా అద్దె పుస్తకాల మామ, పోయిన గురువారం పొద్దున చనిపోయినాడు.

ఎగతాళిగా మొదలుపెడితే ఏడుపు రాదనుకున్నాను. వచ్చింది.

ఆయన నాకు మేనమామా కాదు, పిల్లనిచ్చిన మామా కాదు. సందు మొత్తానికీ మామే. వయసులో మిలిటరీలో స్ట్రెచర్ మోసి, తిరిగొచ్చి, ఒంటి గదిలో పుస్తకాలు అద్దెకిచ్చే అంగడి పెట్టినాడు. ఎదురుగా నాది బైండింగు అంగడి. ఎనిమిదో తరగతిలో చదువు నన్ను వదిలేసింది గానీ నేను దాన్ని వదల్లేదు. ఇప్పటికీ దానికి అట్టలు అంటిస్తున్నాను.

నా కోతి చేష్టలకు మొదటి బలి మామే. ఒకసారి వ్రతకథల పుస్తకానికి డిటెక్టివ్ నవల అట్ట వేసి పంపినాను. దాన్ని అద్దెకు తీసుకుపోయిన రిటైర్డు గుమాస్తా మూడు రోజులు శ్రద్ధగా చదివి, హంతకుడెవరో ఎంతకీ తెలియడంలేదని తిరిగి తెచ్చినాడు. ఆయన ముందర మామ నన్ను చెడామడా తిట్టి, ఆయన సందు మలుపు తిరిగినాక బల్ల మీద తల వాల్చి నవ్వినాడు.

అంగడి నిండా ప్రేమ కథలున్నా, మామ చదివేది యుద్ధం నవలలే. చదివేది అనకూడదు, దిద్దేది అనాలి. చెవి మీద ఎప్పుడూ పెన్సిలు ఉండేది. ‘పెదవులపై చిరునవ్వుతో వీరుడు నేలకొరిగాడు’ అని అచ్చులో ఉంటే, పక్కన మార్జిన్లో సన్నగా ‘నవ్వలేదు, నీళ్ళు అడిగినాడు’ అని ఉండేది. కథానాయకుడు గుబురు మీసం మెలేస్తే, ‘మాకు ఇంకా మీసాలే రాలేదు’ అని. శత్రువును చూడగానే రక్తం ఉడికిందంటే, ‘చలి. సాక్సులు తడిసినాయి. అదే ధ్యాస’ అని. యుద్ధం గురించి రాసేవాళ్ళలో సగం మంది తుపాకి చూసింది బ్యాంకు గుమ్మంలో వాచ్‌మన్ భుజానే అని నేనంటే ఒప్పుకునేవాడు కాదు. చూసి వచ్చినవాళ్ళు కూడా అబద్ధమే రాస్తారురా, వాళ్ళకు వేరే దోవ లేదు, అనేవాడు.

ఒక్క నవలలో మాత్రం, సెలవు మీద ఇంటికొచ్చిన సిపాయి పిల్లోడు అమ్మ వడ్డించిన అన్నం ముందు కూర్చుని, ఏం మాట్లాడాలో తెలియక, ఉప్పు చాలలేదంటాడు. ఆ పుటలో దిద్దుబాటు లేదు. చిన్న టిక్కు పెట్టి ఉంది.

నవలలన్నీ చావు దగ్గరే ఎందుకు ఆగిపోతాయి మామా అని ఒకసారి అడిగినాను. “చచ్చినోడికి ఆడనే అయిపోయింది కదరా. మోసినోడికి అప్పుడే మొదలు. అది రాస్తే ఎవురు కొంటారు?” అన్నాడు.

ఇంక నేను చేసిన పని చెప్పాలి.

నాలుగేళ్ళ కింద ఒక యుద్ధం నవల కుట్టు ఊడి నా దగ్గరికి వచ్చింది. ఆఖరి ఫారం, అంటే చివరి పదహారు పుటలు, విడిగా చేతిలోకి వచ్చేసింది. అందులో పంతొమ్మిదేళ్ళ సిపాయి చస్తాడు. మార్జిన్ల నిండా పెన్సిలు రాతలు. మామూలు దిద్దుళ్ళే అనుకుని చదవలేదు. పక్కన ఒక కుటుంబ నవల ఆఖరి ఫారం పడి ఉంది, పెళ్ళితో ముగిసేది. సైజు సరిపోయింది. దాన్ని దీనికి కుట్టేసినాను. తుపాకి పేలుతుంది, పుట తిప్పితే పెళ్ళివాళ్ళు అప్పడాలు వడ్డిస్తుంటారు. నాకు నేనే నవ్వుకుని, ఊడి వచ్చిన ఆ సిపాయి ఫారం చిత్తుకాగితాల్లో వేసినాను. మా పనిలో చిత్తుకాగితం పారెయ్యం. మైదా జిగురు పూసి, వేరే పుస్తకాల వెన్నుకూ అట్టల లోపలికీ బలానికి అంటిస్తాం.

వారానికి మామ వచ్చినాడు. తిట్లు తినడానికి సిద్ధంగా ఉన్నాను. ఆయన స్టూలు మీద కూర్చుని, పెళ్ళి భోజనం బాగుందిరా అన్నాడు. తరువాత, ఆ కాగితాలు ఏడ పెట్టినావు అని అడిగినాడు. అంటించేసినాను మామా, ఏ పుస్తకానికో గుర్తులేదు అన్నాను, ఇంకా నవ్వుతూనే.

“అట్లాటి పిల్లోణ్ణి నేను మోసినా నైనా,” అన్నాడు. “దోవంతా మాట్లాడతానే ఉన్నాడు. వాళ్ళమ్మకు చెప్పమని ఏమేమో చెప్పినాడు. పోయి ఆమెకు ఏం చెప్పినానో తెలుసునా? నవ్వుతా పోయినాడు తల్లీ, ఒక్క మాటా మాట్లాడలేదు అన్నా. ఆమెను చూసినాక అంతకంటే నోరు రాలా. వాడు చెప్పిందంతా ఆ పుస్తకంలో రాసిపెట్టినా. ఇప్పుడు నాకు మరుపు వస్తా ఉంది. సగం మాటలు అప్పుడే పోయినాయి.”

అంతే. తిట్టలేదు. తిట్టుంటే నేను కొంచెం బతికేవాణ్ణి.

ఆ నెల నా చేతి మీదుగా పోయిన పుస్తకాలన్నీ వెతకడం మొదలుపెట్టినాను. వకీళ్ళ పుస్తకాలు, పంచాంగాలు, బడిపిల్లల నోట్సులు. కొత్త అట్ట ఊరికే వేస్తానని చెప్పి వెనక్కి తెచ్చుకుని, పాతది నీళ్ళలో నానబెట్టి పొర పొరగా విప్పేవాణ్ణి. షోళింగనల్లూరు దాకా పోయి, ఒక ఐటీ అమ్మాయి దగ్గర వాళ్ళ తాత రామాయణం అడుక్కున్నాను. ఆ పిల్ల నన్ను పైనుంచి కిందికి చూసి, ఏ కంపెనీ నుంచి వచ్చినారని అరవంలో అడిగింది.

మామ రోజూ సాయంత్రం నా గుమ్మంలో నిలబడి, దొరికిందా అనేవాడు. పోను పోను ఏది దొరకాలో మరిచిపోయినాడు. అయినా వచ్చేవాడు. ఏది మామా అని ఒకరోజు గుండె రాయి చేసుకుని అడిగినాను. “ఏదో... నువ్వు తెచ్చిస్తానన్నావే,” అన్నాడు.

పోయిన బుధవారం అది దొరికింది. ఒక పాత పద్యాల పుస్తకం వెన్నులో, నాలుగు పుటలు. పెన్సిలు నీళ్ళకు చెరగదు. తడి ఆరకముందే పట్టుకుని, మంచాన పడిన మామ దగ్గరికి పోయినాను. ఆయన భార్య, మా అందరి అత్త, మందుల అంగడికి పోయి ఉంది. మంచం పక్కన కూర్చుని, ఆ పిల్లోడి మాటలు ఒక్కొక్కటే చదివి వినిపించినాను. మామ నా చెయ్యి పట్టుకున్నాడు. ముఖం తేటపడింది. చిన్నగా నవ్వినాడు.

బుధవారం నేను పోయింది నిజం. అత్త ఇంట్లో లేనిదీ నిజం. మిగతాదంతా నేను కల్పించింది. ఒక్క పుటా దొరకలేదు. ఒట్టి చేతులతో పోయినాను. మామ గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు, నేను పిలిస్తే తిరగలేదు. శ్మశానం నుంచి వచ్చినాక అత్త నా చొక్కా పట్టుకుని, కడాకు, పోయేముందర, నీతో ఏమన్నా అన్నాడా అని అడిగింది. ఆమె ముఖం చూసి నా నోట ఈ కథ వచ్చేసింది. ఇప్పుడు పరామర్శకు వచ్చిన ప్రతివాళ్ళకూ ఆమె అదే చెప్పుకుంటా ఉంది. ఆ సిపాయి పిల్లోడి అమ్మ ముందర మామకు ఆ అబద్ధం ఎట్లా నోట వచ్చిందో నాకు ఇప్పుడు తెలిసింది.

అత్త అరవ బడిలో చదివింది. తెలుగు మాట్లాడుతుంది, చదవలేదు. మీలో ఎవరైనా మా సందుకు వస్తే, దయచేసి ఈ ముక్క ఆమెకు చదివి చెప్పొద్దు.

ఇది రాస్తున్న బల్ల పక్కన బేసిన్లో ఒక భూగోళం పుస్తకం అట్ట నానుతోంది. జిగురు కరిగి నీళ్ళు తెల్లబడినాయి. లోపలి కాగితం ఒక అంచు విడిపడి పైకి తేలింది. దాని మీద అచ్చు కనిపిస్తోంది. మార్జిన్ ఇంకా అట్టకు అతుక్కునే ఉంది.