స్టీల్ బ్రిడ్జి ఫోటోల తలకాయ లేని మనిషి

మొన్న శుక్రవారం నా వల్ల అశోక్‌నగర్‌ల నలభై మంది లుంగీలు, నిక్కర్ల మీదనే రోడ్డు మీదికి వచ్చిన్రు. కొందరి చేతుల పుస్తకాలు, ఒకాయన చేతిల సగం తిన్న చపాతి. ఎట్ల జరిగిందో చెప్త, జర నవ్వకుండ వినున్రి. ఆ రోజైతే నాకు నవ్వు రాలే.

నేను నారాయణగూడల కళ్లద్దాల షాపుల పనిచేస్త. ఇల్లు చిక్కడపల్లిల. ఈ నడుమ ఫోన్‌ల ఒక వీడియో చూసిన. చీకటి పడ్డంక రోడ్డుకు ఎదురుగ కెమెరా కదలకుండ పెట్టి, షట్టర్ ముప్పై సెకన్లు తెరిచి ఉంచాలె. ఉరికే కార్లు ఫోటోల పడయి, వాటి లైట్లే పొడుగు గీతలైతయి. పోయే బండ్లయి ఎర్రగ, వచ్చేటియి తెల్లగ. ఆ వీడియో చూసినప్పటి సంది నాకు నిద్ర పట్టలే. మా బామ్మర్దికి మంచి కెమెరా ఉంది. అడిగితే ఇచ్చిండు గానీ, జాగ్రత్తలన్నీ నాకు కాదు, వాళ్ల అక్కకు చెప్పిండు. వాళ్ల అక్క శారద, నా భార్య.

ఇగ జాగ కావాలె. అశోక్‌నగర్ హాస్టల్‌ల మా ఊరి మల్లేశ్ ఉంటడు. సర్కారు నౌకరి పరీక్షలకు చదువుతుండు, ఇది మూడోసారి. ఆ హాస్టల్ డాబా మీదికెల్లి బండ్లు ఉరికే స్టీల్ బ్రిడ్జి మంచిగ కనబడతది. ఓనర్ రాజ్యం గారు, తెనాలి దిక్కు కుటుంబం, ఎన్నడో ఇక్కడ స్థిరపడ్డరు. మల్లేశ్ అడిగితే ఆమె ఒక్క గంటసేపు ఉండనీకి ఒప్పుకున్నరు.

ఏడున్నరకు షాపు నుంచి సీదా పోయి నాలుగంతస్తులు ఎక్కిన. డాబా మీద బల్బు లేదు. ఒక మూలకు నీళ్ల ట్యాంకు, అవతల పిట్టగోడ, దాని అవతల బ్రిడ్జి. ట్యాంకు పక్కన స్టాండు వేసి కెమెరా బిగించి మొదటి ఫోటో తీసిన. ఎర్ర గీతలు, తెల్ల గీతలు, అచ్చం వీడియోల లెక్కనే. గా సంబురంల నన్ను నేనే మెచ్చుకున్న.

బస్సు వస్తే గీతలు ఇంకా లావుగ వస్తయంట. కానీ కింద చౌరస్తాల బస్సు బ్రిడ్జి దిక్కు తిరిగేది ట్యాంకు దగ్గరికెల్లి కనబడది. అందుకని బటన్ నొక్కి, పిట్టగోడ దాకా పోయి బస్సు కోసం చూసి, మళ్ల వచ్చి ఫోటో చూసిన.

పిట్టగోడ దగ్గర ఎవరో నిలబడి ఉన్నరు.

తెల్లటి మనిషి. తలకాయ లేదు. నడుము కింద కాళ్లు లేవు. చేతులు గోడ మీద ఆనించి ఉన్నయి. ఛాతీల నుంచి కార్ల ఎర్ర గీతలు అటు ఇటు పోతున్నయి.

తల ఎత్తి చూసిన. గోడ దగ్గర ఎవ్వరు లేరు. బట్టల తీగ మీద ఒక్క టవల్ కూడ లేదు. కెమెరా ఖరాబయిందేమో అనుకున్న. దయ్యం కన్న అదే నయమనిపించింది. సరే, పక్కాగ తెలుసుకుందామని ఇంకో ఫోటోకు బటన్ నొక్కి, దేవుని పేరు చెప్పుకుంట గోడ దాకా పోయిన. ఇటు చూసిన, అటు చూసిన, కిందికి వంగి కూడ చూసిన. ఏం లేదు. వచ్చి ఫోటో చూస్తే, అది ఈసారి గోడ మీదికి వంగి ఉంది. నేను నిలబడ్డ జాగలనే నిలబడ్డది. అంటే నా ఒంటికి తగులుకుంట ఉండె, నాకే తెల్వలే.

చెమటలు పట్టినయి. ఉరుకుదామంటే కెమెరా బామ్మర్దిది. స్టాండుతో సహా చంకల పెట్టుకొని మెట్ల దిక్కు ఉరికిన. దిగుతుంటే నా ఎనక టక్ టక్ టక్ అని చప్పుడు. నేను జోరు పెంచితే అది కూడ పెంచింది. ఎనకకు తిరిగి చూసే ధైర్యం యాడిది? అది స్టాండు కాలు మెట్లకు తగిలే చప్పుడని తర్వాత మల్లేశ్ చెప్పిండు.

మల్లేశ్ రూంల ముగ్గురు చదువుకుంటున్నరు. కెమెరా చూపించిన. మల్లేశ్ చాన సేపు చూసి, మెల్లగ అన్నడు. "అన్నా, దీనికి తలకాయ లేదే."

అప్పటిదాక ఆయన కొట్టిపారేస్తడని నాకు చిన్న ఆశ ఉండె. అది పోయింది. ఒకాయన ఆ ఫోటోను ఫోన్‌ల తీసి హాస్టల్ గ్రూపుల పెట్టిండు. ఈ బిల్డింగ్ కట్టకముందు ఇక్కడ పాత నీళ్ల బాయి ఉండెనని ఇంకొకాయన గుర్తు చేసిండు. పది నిమిషాలల్ల అందరు కింద ఉన్నరు. ఎనిమిది రోజులల్ల పరీక్ష పెట్టుకొని, పైకి పోమంటే పోమని కూసున్నరు. రాజ్యం గారు వచ్చి ఎంత చెప్పినా ఒక్కడు కదలలే. ఒకిద్దరు హాస్టల్ ఖాళీ చేస్తం, బ్యాగులు తెచ్చుకుంటమని, అయితే తోడు ఎవరైనా రావాలని అంటున్నరు. ఆమె మొఖం పాలిపోయింది. నాకు దయ్యం కన్న ఆమెను చూస్తేనే ఎక్కువ భయమైంది.

నేను శారదకు ఫోన్ చేసిన. ఏం చెప్పిన్నో నాకే యాద్ లేదు. ఆటోల వచ్చింది. ముందుగాల తమ్ముని కెమెరా మంచిగుందా అని చూసింది, తర్వాత ఫోటో చూసింది. పెద్దగ చేసి చూసింది.

"ఇది మా ఆయన" అన్నది.

తలకాయే లేకపోతే ఎట్ల గుర్తుపట్టినవు వదినా అని మల్లేశ్ అడిగిండు.

"ఎడమ భుజం జారి ఉన్నది చూడు. పదకొండేండ్ల సంది స్కూటర్ మీద ఈ భుజం ఎనకనే కూసుంటున్న."

అప్పుడు నా బుర్ర పనిచేసింది. ముప్పై సెకన్లల్ల నేను గోడ దగ్గర నిలబడ్డది సగం సేపు. అందుకే పలచగ పడ్డ, నా ఒంట్లకెల్లి కార్ల గీతలు ఆరపార కనబడ్డయి. మా షాపు డ్రెస్ తెల్ల చొక్కా, నల్ల ప్యాంటు. నల్ల ప్యాంటు చీకట్ల కలిసిపోయింది, ఎనకకెల్లి నల్ల జుట్టు కూడ కలిసిపోయింది. మిగిలింది చొక్కా. రెండుసార్లు నన్ను నేనే చూసుకొని, నాలుగంతస్తులు నా నుంచి నేనే ఉరికిన.

నలభై మందికి చేతులు జోడించి మాఫీ అడిగిన. తిట్టినోళ్లు తిట్టిన్రు, నవ్వినోళ్లు నవ్విన్రు, అందరు పైకి పోయిన్రు. నేను ఫోటో తీసేయబోతుంటే రాజ్యం గారు ఆపిన్రు. "ఉంచండి బాబూ. నాకో కాపీ పంపించండి" అన్నరు. ఎందుకో అడిగే ధైర్యం నాకు లేకుండె.

నిన్న మల్లేశ్ ఫోన్ చేసిండు. కొత్తగ చేరేటోళ్లు అర్ధరాత్రి దాక డాబా మీద ఫోన్లు మాట్లాడుకుంట గోడ మీదికి వంగుతున్నరని, ఎంత మొత్తుకున్నా వినరని ఆమెకు ఎప్పటి సందో పరేషాన్ అంట. ఇప్పుడు ఆ ఫోటో పెద్దగ ప్రింట్ తీయించి, అద్దం వేయించి, డాబా తలుపు పక్కన వేలాడదీసిన్రంట. చీకటి పడ్డంక ఒక్కడు ఎక్కుతలేడంట.

ఇన్నేండ్లల్ల నా ఫోటో ఒకటి ఎవరో ఫ్రేము కట్టించి గోడకు పెట్టుకున్నరు. చూపిద్దామంటే చుట్టాలెవ్వరు నమ్మరు, దాంట్ల నాకు తలకాయ లేదు.