ఇంటి నంబరు లేని అవ్వ

రోగులను దవాఖానకు తీసుకెళ్లే మా చర్చి సంఘం బండికి పేర్లు ఆన్‌లైన్ ఫారంలోనే ఎక్కించాలి. ఆ ఫారం జనగామ ఆఫీసులో తయారైంది. మీకు తగ్గట్టు మార్చుకోండని దాని కాపీని మహబూబాబాద్ ఆఫీసుకూ ఇచ్చారు. ఇంటి నంబరు లేనిదే పేరు తీసుకోదు. తండాలో ఎందరి ఇళ్లకు నంబరుంది? పోయిన నెల పోట్లాడి జనగామలో ఆ షరతు తీయించాను.

ఈ రోజు నర్సింహులపేట దగ్గరి తండా నుంచి మంగ్లి అవ్వను డయాలసిస్‌కు తీసుకొస్తే, మహబూబాబాద్ ఆఫీసులో మళ్లీ అదే అడ్డం. కంప్యూటర్ ముందున్న కుర్రాణ్ని అడిగాను.

"జనగామల తీసేసిన్రు గద తమ్మీ?"

"గది వాళ్ల దాంట్లనే అన్నా. మాకిచ్చినంక మా కాపీ వేరే. వాళ్లు దిద్దితే మాకు రాదు."

"మరి నువ్వు దిద్దరాదా?"

"రెండు నిమిషాల పని. కని పెద్దసారు చెప్పాలె. సారు సోమవారం వస్తడు."

సంచిలోని బైబిల్ తీసి, గాయపడ్డవాణ్ని చూసీ పక్కనుంచి పోయిన యాజకుడి కథ చదివాను. "ఆమెన్ అన్నా" అన్నాడు, కుర్చీలోంచి లేవకుండా.

బండి సగం ఖాళీగా వెళ్లిపోయింది. అవ్వను ఆటోలో తీసుకెళ్లేసరికి ఆమె వంతు దాటిపోయింది.

మార్చకూడని దేవుని వాక్యాన్ని మాత్రం ఎవరికి తోచినట్టు వాళ్లు మారుస్తారు. మార్చుకోమని ఇచ్చిన ఫారాన్ని ముట్టుకోవడానికి వీళ్లకు భయం. మీ ఆఫీసుల్లోనూ ఇంతేనా?